మా సంగటి, మా అంబలి

మా మిట్టేమరి బాగేపల్లి తాలూకాలోని గ్రామము. 2007వ సంవత్సరము వరకు కోలారు జిల్లాలో నుండిన ఈ తాలూకా ఇప్పుడు చిక్కబళ్ళాపుర జిల్లాలో నున్నది. రాష్ట్రభాష కన్నడము, మా యిండ్లలోని మాట తెలుగు. మేము 'సంగటి' యన్నదానినే కన్నడిగులు 'ముద్దె' యందురు. పేర్లు రెండైనను పిండి యొకటే, రుచి యొకటే. ఆ సంగటిని గూర్చియు, దానికి తోబుట్టువైన అంబలిని గూర్చియు నాలుగు మాటలు వ్రాయ దలచితిమి.

మాది ఎఱ్ఱనేల, వానను నమ్ముకొన్న సేద్యము. వరికి చాలినంత నీరు మాకు లేదు. కావున రాగి, వేరుసెనగ, కంది, ఉలవ, అనుము మొదలగునవియే మా పంటలు. మా పెద్దలు ఈ కొద్ది వస్తువులతోనే ఏడాది పొడవునను వంట నడిపిరి. ఎసరు మరగినప్పుడు రాగిపిండి పోసి, ఉడికిన పిమ్మట కట్టెతో గట్టిగా గెలికి, తడిచేతితో ముద్దలు చేయుదురు. క్రొత్తవారు దానిని నమలబోయి యిబ్బంది పడుదురు. మేము చారులో ముంచి మ్రింగుదుము. ఉలవలు ఉడికించి వంచిన కట్టులో చింతపండు పిసికి, కారము కలిపి కాచిన చారు దానికి తోడు. చలికాలమున అనపకాయలు వచ్చును. ఆ గింజలను రాత్రి నానబెట్టి, ఉదయమున ఇంటిల్లిపాదియు కూర్చుండి, వ్రేళ్ళతో పితికి తోలు తీయుదుము. పితికిపప్పు వండిన దినమున ఆ వాసన వీధి చివర వరకు వచ్చును.

ఇక అంబలి. రాత్రి రాగిపిండిని నీట కలిపి మూత పెట్టిన, తెల్లవారుసరికి కొంచెము పులియును. దానిని మరుగు నీటిలో పోసి, ఉండలు కట్టకుండ కలుపుచు కాచి, చల్లార్చి, మజ్జిగయు ఉప్పును చేర్చి, ఉల్లిపాయ నంజుకొని త్రాగుదుము. వేసవిలో చేనికి పోవువారికి అదియే ఆహారము, అదియే పానీయము. పసిబిడ్డలకు మొలకెత్తిన రాగులను ఎండబెట్టి విసరి, పలుచని బట్టలో జల్లించి, సరి కాచి పోయుదురు.

విచిత్రమేమన, వీనిలో అనేకములు మన దేశమున పుట్టినవి కావు. రాగి తూర్పు ఆఫ్రికా మిట్టప్రదేశముల నుండి వేల యేండ్లకు పూర్వము వచ్చినది. చింతయు ఆఫ్రికా చెట్టే. వేరుసెనగ, మిరప అమెరికా ఖండముల నుండి వచ్చినవి. ఎచ్చటనో యున్న జమైకా ద్వీపవాసులకును ఇట్టి కథయే కలదు. మన గోంగూర జాతి మొక్కయే అచ్చట 'సారెల్' అను పేర పెరుగును. మనము దాని ఆకు వండుకొందుము. వారు పూవు క్రింది ఎఱ్ఱని రేకులను అల్లముతో మరగించి, చక్కెర కలిపి, క్రిస్మసు పండుగకు త్రాగుదురు. ఆ మొక్కయు వారికి ఆఫ్రికా నుండి వచ్చినదే. పరదేశపు మొక్కను మనదిగా చేయునది నేల మాత్రమే కాదు. దినదినము దానిని వండు చేతులు. వండుట మానినచో అది మరల పరాయిదగును.

ఆ మానుట మా కన్నుల యెదుటనే జరుగుచున్నది. అంబలి పేరెత్తిన నవ్వువారు మాలోనే కలరు. వారు అంగడిలో రంగునీళ్ళ సీసా కొని, దానిని గొప్పగా పట్టుకొని తిరుగుదురు. కాని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికను చూడుడు. 100 గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. తెల్లబియ్యములో 8 మిల్లీగ్రాములైనను లేదు. మా తాలూకాలో అనేక బోరుబావుల నీట ఫ్లోరైడు హెచ్చు. అది పండ్లను, ఎముకలను చెఱచును. ఆ సంస్థవారే 2002లో ప్రకటించిన పరిశోధనలో, దినమునకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 దినములు తిన్న బాలుర మూత్రమున ఫ్లోరైడు ఎక్కువగా వెలువడినట్లు తేలినది. చింతపులుసు మందు గాదు, మంచినీటికి బదులును గాదు. ఐనను మా పెద్దల వంట నవ్వదగినది కాదని తెలియుటకు ఇది చాలును.

2024లో కర్ణాటక ప్రభుత్వము బడిపిల్లలకు పాలతో రాగి మాల్టు నొసగుట ప్రారంభించినది. ఇంట నవ్వులపాలైన రాగికి బడిలో గౌరవము కలిగినది. సంతోషమే. కాని పొట్లములోని పొడి వలన అంబలి పులియబెట్టు నేర్పు రాదు. ఎసరు, కట్టు, గెలుకుట, పితుకుట అను మాటలును రావు. అవి మా యవ్వల నోటను, చేతులలోను ఉన్నవి.

కావున సోదర విద్యార్థులారా! ఈ వేసవి సెలవులలో ఒక్కొక్కరము మన యింటి అవ్వ నడిగి ఒక్క వంటను నేర్చుకొందము. ఆమె చెప్పిన మాటలలోనే దానిని నోటుపుస్తకమున వ్రాసికొందము. వ్రాయుటతో ఆగక, ఒక్కసారియైనను మన చేతులతో వండి, ఆమెకే మొదట వడ్డింతము. ఉప్పు చాలినదో లేదో ఆమెయే చెప్పును.