టిక్కు పెట్టని గడి

మేము ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకొని ఉద్యోగంలో చేరిన కొత్తలో, మరమ్మతు పనికి ముందు కాగితపు పర్మిట్ రాయడం ఆచారం. విద్యుత్ సరఫరా విడదీశారా, వాల్వులు మూశారా, తాళం వేశారా అనే ప్రశ్నలకు ఎదురుగా గడులుండేవి. ఖాళీగా ఉన్న గడి కూడా కంటికి కనిపించేది. అది ఎంత గొప్ప సౌకర్యమో ఆనాడు మాకు తెలియదు.

2008లో ఆ పర్మిట్‌ను కంప్యూటరులోకి తెచ్చే బాధ్యత మా విభాగంలోని ముగ్గురిపై పడింది. మేము యంత్రాల మనుషులమేగాని ప్రోగ్రాములు రాసేవారము కాము. అయినా పుస్తకాలు తిరగేసి పీహెచ్‌పీ నేర్చుకున్నాము. 1994లో రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత వెబ్ పేజీల కోసం చేసుకున్న చిన్న పనిముట్ల నుండి పెరిగిన భాష అది. మావంటివారికి త్వరగానే పట్టుబడింది. కాగితం మీది గడుల స్థానంలో చెక్‌బాక్సులు పెట్టాము. పరీక్షించి చూసుకొని సంతోషించాము.

కొన్ని వారాల తరువాత ఒక పంపు మోటారు పనికి పర్మిట్ తయారైంది. సరఫరా విడదీసినట్లు షిఫ్టు ఇంజనీరు టిక్కు పెట్టారు. పని వాయిదా పడగా స్విచ్చును తిరిగి వేయించి, ఆ టిక్కు తీసివేసి భద్రపరిచారు. మరునాడు మరొక షిఫ్టులో అదే పర్మిట్ తెరిస్తే టిక్కు యథాతథంగా ఉంది. ఫిట్టరుకు పని అప్పగించారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన ఆ పెద్దాయన అలవాటు చొప్పున తన తాళం వేసుకోవడానికి సబ్‌స్టేషనుకు వెళ్ళి, స్విచ్చు వేసి ఉండడం చూశారు. తిరిగి వచ్చి, "అయ్యా, తెర మీద ఏముంటే నాకేం, నా తాళం పడనిదే నేను చెయ్యి పెట్టను" అన్నారు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

తప్పు షిఫ్టు ఇంజనీరుది కాదు, మాది. టిక్కు లేని చెక్‌బాక్సు గురించి బ్రౌజరు సర్వరుకు ఏమీ చెప్పదు. 'లేదు' అనీ అనదు, సున్నా అనీ పంపదు. ఆ పేరే ఎత్తదు. టిక్కు ఉన్నవాటినే పంపాలని 1999 నాటి హెచ్‌టీఎంఎల్ 4.01 ప్రమాణంలోనే ఉంది. మేమేమో 'పోస్ట్' పట్టికలో వచ్చిన అంశాలను మాత్రమే డేటాబేసులో సవరించేలా ప్రోగ్రాము రాశాము. రాని అంశం జోలికి పోలేదు కనుక పాత టిక్కు పదిలంగా మిగిలింది. మా పరీక్షలలో టిక్కులు పెట్టి చూశామేగాని, పెట్టిన టిక్కు తీసి చూడలేదు.

సవరణకు ఒక పూట చాలింది. అడగవలసిన అంశాల జాబితాను సర్వరులోనే ఉంచి, ఒక్కొక్కటి వచ్చిందా లేదా అని 'ఇస్‌సెట్'తో విచారించి, వస్తే ఒకటి, రాకపోతే సున్నా నమోదు చేయించాము. చెక్‌బాక్సుకు ముందు అదే పేరుతో, సున్నా విలువతో దాగి ఉండే ఇన్‌పుట్ ఒకటి పెట్టే పద్ధతి కూడా ఉన్నది. ఒకే పేరుతో రెండు విలువలు వస్తే పీహెచ్‌పీ చివరిదానినే నిలుపుకుంటుంది గనుక అది పనిచేస్తుంది. పేరు చివర చతురస్రపు బ్రాకెట్లు చేర్చి, పలు గడులను ఒకే వరుసగా స్వీకరించేచోట మరింత జాగ్రత్త అవసరం. టిక్కులన్నీ తీసివేస్తే ఆ వరుసే సర్వరుకు చేరదు. వచ్చిన విలువలను సైతం మన జాబితాతో సరిపోల్చుకోవాలి, బ్రౌజరు పంపేదానిని ఎవరైనా మార్చగలరు.

ఇంత చేసినా ఒక సందేహం మమ్మల్ని వదలలేదు. టిక్కు లేదంటే 'విడదీయలేదు' అని అర్థమా, 'ఎవరూ చూడలేదు' అని అర్థమా? ఒక్క గడి ఈ రెంటినీ వేరు చేయలేదు. అందువల్ల ప్రాణాలతో ముడిపడిన ప్రశ్నలకు చెక్‌బాక్సులు తీసివేసి, 'అవును', 'కాదు' అని రెండు రేడియో బటన్లు పెట్టాము. ముందుగా ఏదీ ఎంచి ఉంచలేదు. రెంటిలో ఒకటి నొక్కనిదే సర్వరు ఆ పర్మిట్‌ను స్వీకరించదు. మౌనాన్ని అంగీకారంగా తీసుకునే వీలు లేకుండా చేశాము.

నేడు మా విభాగంలో చేరే యువ ఇంజనీర్లకు కొత్త పరికరాలు, కొత్త భాషలు వచ్చు. వారు రాసిన ఫారం ఏదైనా మా వద్దకు వస్తే మేము ముందుగా చేసే పని ఒక్కటే. అన్ని టిక్కులూ పెట్టి భద్రపరుస్తాము, తిరిగి తెరిచి అన్నీ తీసివేసి భద్రపరుస్తాము, మూడవసారి తెరిచి చూస్తాము. ఆ మూడవసారి చూడడం మాకు నేర్పినది ఏ పుస్తకమూ కాదు, ఆ పెద్దాయన తాళం.