అరవై పేర్లు, ఒక కామా

సీ భాషలో మారని స్ట్రింగుల పట్టిక అంటే నాకు వెంటనే తోచేది మన అరవై సంవత్సరాల పేర్లు. ప్రభవతో మొదలు, అక్షయతో సరి. ఎవరూ మార్చబోరు. పొడవులకి మాత్రం పొంతన లేదు. యూటీఎఫ్-8లో "ఖర" 6 బైట్లు, "రుధిరోద్గారి" 36, చివరి సున్నా అదనం. రెండు కొలతల అరే పెడితే ఖరకి కూడా 37 బైట్ల ఇల్లు కట్టాలి, మొత్తం 2220. పాయింటర్ల అరే అయితే ఏ పేరు పట్టినంత చోటు దానిదే. అరేలో ఉండేవి 60 చిరునామాలు మాత్రమే.

కాలేజీలో సీ నేర్చుకుంటున్న మా అమ్మాయి ఈ పట్టికే రాసింది. 1987 ప్రభవ. పేరు ఎన్నో గడిలో ఉందో చూసి 1987కి కలపడం, పెద్దవాళ్లకైతే 60 తీసెయ్యడం. (ఉగాదికి ముందు పుట్టినవాళ్ల గొడవ వేరే.) వీడియో కాల్‌లో మా అమ్మని అడిగింది, "నానమ్మా, నువ్వు ఏ సంవత్సరం?" అని.

"మన్మథ, శ్రావణం."

ప్రోగ్రాం 1954 అంది.

"అది జయ, మా అన్నయ్యది! నన్నో ఏడాది ముందే పుట్టించావేంటే?"

అమ్మ సర్టిఫికెట్‌లో ఉన్నది బడిలో పంతులుగారు తోచినట్టు వేసిన తేదీ. పాస్‌పోర్టుకీ అదే ఎక్కింది. తన పుట్టుకకి ఆవిడ దగ్గరున్న అసలు ఆధారం ఆ పేరొక్కటే. అదీ జరిగిపోతే ఊరుకుంటుందా?

చూస్తే "ఖర" తర్వాత కామా లేదు. పక్కపక్కనున్న స్ట్రింగులని సీ కంపైలర్ అతికించేస్తుంది. "ఖరనందన" అని కొత్త సంవత్సరం పుట్టి, తర్వాతివన్నీ ఒక్కో గడి ముందుకి జరిగాయి. కొలత 60 అని రాసి ఉంది కాబట్టి చివర్లో నల్ పాయింటర్ చేరింది, ఎర్రర్ రాలేదు. బ్రాకెట్లు ఖాళీగా వదిలి, కింద స్టాటిక్ అసర్ట్‌తో 60 ఉన్నాయా అని అడిగితే కంపైలరే పట్టుకునేది. ఆ సౌకర్యం సీకి 2011 ప్రమాణంతో వచ్చింది. అంటే ఖరలోనే!

ఇంకోటి, ఉత్త "చార్ స్టార్" అని రాసి వదిలేసింది. 1989 ప్రమాణంలో కాన్స్ట్ వచ్చేనాటికే బోలెడు కోడు రాసేసి ఉంది, అందుకని స్ట్రింగ్ లిటరల్స్‌కి దాన్ని తగిలించలేదు. అందువల్ల కంపైలర్ కిమ్మనదు. తీరా ఓ అక్షరం మార్చబోతే చాలాచోట్ల ప్రోగ్రామే కూలిపోతుంది. స్టార్‌కి ముందు కాన్స్ట్ పెడితే అక్షరాలకి తాళం. చాలామంది అక్కడితో ఆగిపోతారు. స్టార్ తర్వాత కూడా పెడితేనే గడులకి తాళం పడేది, లేకపోతే మన్మథ గడిలో ఎవరైనా జయ చిరునామా పెట్టేసి పోవచ్చు.