పదచ్ఛేదం

పద్యం చదివేవాడికి పదచ్ఛేదం ఎంత అవసరమో, వచనాన్ని యంత్రంచేత చదివించేవాడికీ అంతే అవసరం. సీ భాషలో ఆ పనికి చిరకాలంగా వాడుకలో ఉన్న ప్రమేయం స్ట్ర్‌టాక్. వాక్యాన్నీ, విభాజకాల జాబితానూ దాని చేతిలో పెడితే మొదటి పదం తెచ్చిస్తుంది. రెండోసారి నుంచి వాక్యానికి బదులు నల్ ఇస్తే చాలు, ఎక్కడ ఆగిందో తానే గుర్తుంచుకుని తరువాతి పదం అందిస్తుంది.

దాని పద్ధతి మాత్రం కొంత మొరటు. పదం వెనకనున్న ఖాళీని చెరిపి అక్కడ సున్నా బైటు రాస్తుంది. పని ముగిసేసరికి మూలవాక్యం ముక్కలై మిగులుతుంది. పైగా దాని జ్ఞాపకంలో ఒక్క వాక్యానికే చోటు. నడుమ మరో వాక్యం అందిస్తే మొదటిదాన్ని మరచిపోతుంది. ఈ రెండో లోపాన్ని సవరించడానికే పోసిక్స్ ప్రమాణంలో ‘ఆర్’ తోక తగిలించిన మరో రూపం ఉంది.

నా రాతల్లోని మాటలన్నీ ఏరి ఒక పదపట్టిక కట్టుకోవాలన్నది నా కోరిక. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. అయినా ఖాళీ, కామా, చుక్క వంటి ఆస్కీ విభాజకాలతో భయం లేదు. ఆ విలువలు తెలుగు బైట్లలో ఎక్కడా రాకుండా 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ ఆ పద్ధతిని రూపొందించారు. వంపు కొటేషన్‌ను విభాజకాల్లో చేరిస్తేనే ప్రమాదం. అది 226, 128, 156 అనే మూడు బైట్లు. స్ట్ర్‌టాక్ వాటిని మూడు వేర్వేరు విభాజకాలుగా ఎంచుతుంది. ‘జ’ చివరి బైటు 156, గుడిదీర్ఘం చివరి బైటు 128. ఇక ‘జీవితం’ గతి ఏమవుతుందో చెప్పాలా!

అంతకన్నా లోతైన చిక్కు భాషలోనే ఉంది. ‘చేసేదేముంది’ యంత్రానికి ఒకే పదం. మనకు చేసేది, ఏమి, ఉంది అనే మూడు. ఖాళీ దగ్గర కోసినంతలో అవి బయటికి రావు. సంధిలో లోపించిన అచ్చులను వెనక్కి తెచ్చిపెట్టాలి కదా.

అందుచేత మాటలన్నీ విడివిడిగా రాస్తే పోదా అనే సలహా ఒకటి ఉంది. అది నాకు సమ్మతం కాదు. సంధి మన ఉచ్చారణలోనే ఉంది. ‘ఏముంది’ అని పలికేవాడిచేత ‘ఏమి ఉంది’ అని రాయిస్తే వాక్యం నడక కుంటుపడుతుంది. యంత్రానికి సౌకర్యమని నుడికారాన్ని వదులుకోలేం.

దారి సీలోనే ఉంది. స్ట్ర్‌స్పాన్, స్ట్ర్‌సీస్పాన్ అనే ప్రమేయాలు ఎన్ని బైట్లు దాటాలో లెక్క చెబుతాయి గాని, మూలాన్ని ముట్టుకోవు. వంపు కొటేషన్ బెడద వీటికీ ఉంది. దాన్ని మాత్రం స్ట్ర్‌స్ట్ర్‌తో మూడు బైట్లూ కలిపి వెతకాలి. పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేరే పట్టికలో రాసుకుని, పక్కనే సంధి విడదీసిన రూపాలు చేర్చుకోవచ్చు. నా పట్టికను ఇలాగే కడుతున్నాను.

మన వ్యాఖ్యాతలు అనుసరించిన మార్గమూ ఇదే. పద్యాన్ని పద్యంగానే ఉంచి, ప్రతిపదార్థాన్ని దాని కింద రాశారు.