బరువు బండకిచ్చెయ్

పోయినవారం ఊరి చెరువుల వేలం గురించి రాశాను కదా. ఒక విద్యార్థి మెసేజ్ పెట్టాడు: "సార్, మీ అయ్య చెరువులో చేప పట్టినందుకు దెబ్బలు తిన్నాడని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. తరవాత ఏమైంది?"

తరవాత సముద్రం అయింది తమ్ముడూ. ఇవాళ అదే రాస్తాను. కొంచెం పొడుగు అవుతుంది, తీరిక ఉన్నప్పుడే చదవండి.

మా ఊరు విశాఖపట్నానికి దక్షిణాన ఉంటుంది. అటువైపు తూర్పు కనుమల తునకలు అక్కడక్కడా సముద్రంలోకి దిగిపోతాయి. అయిదారు మైళ్ళు ఇసక, మధ్యలో ఒక బండల గుంపు, మళ్ళీ ఇసక. ఆ రాయిని భూగర్భశాస్త్రం వాళ్ళు ఖోండలైట్ అంటారు. ఖోండు ఆదివాసుల పేరు మీద పెట్టిన పేరది. రాయికి వాళ్ళ పేరు ఇచ్చారు, కొండ మాత్రం వాళ్ళకి ఉంచలేదు. సరే, అది ఇంకో పోస్టు.

మా అయ్యకి దెబ్బలు పడింది 1987లో. కారంచేడు జరిగి అప్పటికి రెండేళ్ళు. 1985 జూలైలో అక్కడ గొడవ మొదలైంది కూడా చెరువు నీళ్ళ దగ్గరే. మాదిగలు తాగే నీళ్ళలో బర్రెల కుడితి బకెట్లు కడుగుతుంటే అడ్డు చెప్పారు, సువార్తమ్మ బిందె ఎత్తింది. మర్నాడు ఆరుగురిని చంపారు. ఇంకా వెనక్కి వెళ్తే 1927 మార్చి 20, మహాడ్ చవదార్ చెరువు. బాబాసాహెబ్ దోసెడు నీళ్ళు తాగినందుకు ఆ చెరువుని పేడ, పంచకం కలిపి "శుద్ధి" చేశారు. మనకి నీళ్ళ చరిత్ర చెప్పమంటే దెబ్బల చరిత్రే చెప్పాల్సి వస్తుంది. మా అయ్యది అంత పెద్ద కథ కాదు. ఎక్కడా అచ్చు కాలేదు. చెరువు ఎండుతున్నప్పుడు మడుగులో మిగిలిన జెల్లలు రెండు తువ్వాల్లో కట్టుకుని వస్తుంటే వేలం పాడుకున్నాయన మనుషులు పట్టుకున్నారు. జెల్లలు తీసేసుకుని, ఆ తువ్వాలుతోనే చేతులు కట్టారు. మా అమ్మ ఈ విషయం నాకు చెప్పింది నేను ఎం.ఏ.లో చేరాక. అయ్య ఇప్పటికీ చెప్పలేదు.

ఆ తరవాత ఆయన చెరువు గట్టు ఎక్కలేదు. మూడు కిలోమీటర్లు నడిచి సముద్రం దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాడు.

సముద్రం అందరిదీ కదా అంటారు చాలామంది. ఒడ్డున ఒక్క పూట నిలబడితే ఎవరి ముక్క ఎవరిదో తెలుస్తుంది. ఇసక ఉన్నచోట అలివి వల పడుతుంది. తెప్ప మీద వల తీసుకెళ్ళి అర్ధచంద్రంలా వదిలి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డున పాతిక ముప్పై మంది లాగుతారు. తెప్ప వాళ్ళది, వల వాళ్ళది, తరతరాల రేవు వాళ్ళది. మా పేట వాళ్ళు తాడు పట్టుకోవచ్చు, కానీ కూలికి. మా అయ్య కొన్నాళ్ళు పట్టుకున్నాడు. వాటా కవళ్ళు అందరికీ తట్టలో పోసేవారు, మా వాళ్ళకి ఇసక మీద పోసేవారు. ఇసక అంటిన చేప కడిగితే పోతుంది. పోసిన తీరు కడిగినా పోదు. ఈ మాట రాస్తే మత్స్యకార మిత్రులకి కోపం రావచ్చు. వాళ్ళ కష్టం నాకు తెలుసు, ఎస్టీ హోదా కోసం వాళ్ళు చేసిన ధర్నాలో నేనూ కూర్చున్నాను. కూర్చున్నాను కాబట్టే ఇది కూడా చెప్పాలి.

బండల దగ్గర మాత్రం అలివి వల పడదు. లాగితే చిరిగిపోతుంది. తెప్పని అక్కడికి తేరు, అల ఎత్తి రాయికేసి కొడుతుంది. అంటే ఆ వంద గజాల సముద్రం ఎవరికీ పనికిరానిది. పనికిరానిది గనకే మాకు మిగిలింది. ఊళ్ళో మా పేట ఎక్కడుందో చూసినవాళ్ళకి ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక అక్కడ చేప పట్టడం ఎలాగో చెప్తాను. గేలం పట్టనివాళ్ళు ఇక్కడ విసుక్కోవద్దు. దీన్ని నేను పిహెచ్‌డి కంటే ఎక్కువ ఏళ్ళు చదువుకున్నాను.

బండల నేలలో చేప ఉంటుంది. పీతలు, గవ్వలు, నాచు అన్నీ అక్కడే కాబట్టి చేప కూడా అక్కడికే వస్తుంది. బొంత సందుల్లో కాపురం ఉంటుంది. పార గుంపుగా తిరుగుతుంది, నురగ కింద వేటాడుతుంది. చిక్కల్లా గేలమే. విసిరిన ప్రతి రెండోసారి గుండు రెండు రాళ్ళ మధ్య పడి ఇరుక్కుంటుంది. లాగితే తెగుతుంది. గుండు పోతుంది, గేలాలు పోతాయి, పది బారల నైలాన్ దారం పోతుంది. మొదటి నెలలో అయ్య తెచ్చిన చేపల కంటే రాళ్ళకి ఇచ్చిన గేలాలే ఎక్కువట. కూలి డబ్బులు సముద్రంలో పారేస్తున్నాడని అమ్మ గోల.

అప్పుడు పక్క పల్లెలో ఒక జాలారి ముసలాయన, వల లాగే వయసు దాటినవాడు, రెండు మూడు రోజులు ఇసక మీద కూర్చుని చూసి లేచి వచ్చాడట. అయ్య చేతిలో దారం తీసుకుని చివరి కట్టు విప్పాడట. "బరువు బండకిచ్చీరా. గేలం నువ్వుంచుకో" అన్నాడట.

కిటుకు ఇంతే. గుండుని అసలు దారానికి కట్టకూడదు. గేలాలు పైన కట్టుకుని, కింద మూరెడు నూలు దారం, రెండు పేటలది, దానికి బరువు కట్టాలి. బరువు ఇరుక్కుంటే నూలు పుటుక్కున తెగుతుంది. గేలాలూ చేపా పైకొచ్చేస్తాయి. పోయేది బరువొక్కటే కాబట్టి దానికి డబ్బు పెట్టకూడదు. సీసం వద్దు. రాయి చాలు, లేదా మెకానిక్ షెడ్డులో పారేసిన స్పార్క్ ప్లగ్గు. నా చిన్నప్పుడు మా ఇంటి చూరులో డబ్బా నిండా స్పార్క్ ప్లగ్గులు ఉండేవి. మోటారు సైకిల్ లేని ఇంట్లో ఇన్ని ప్లగ్గులేమిటని మాస్టారు ఒకాయన అడిగాడు కూడా.

మిగతాది ఓపిక. అమావాస్యకీ పున్నానికీ నీళ్ళు బాగా తీస్తాయి. ఆ ఆటు వేళ వెళ్ళి బండల్ని చూసి గుర్తుపెట్టుకోవాలి. ఏ సందు ఎటు తిరిగింది, ఎక్కడ ఇసక గుంట ఉంది అని. పోటుకి అదంతా మునిగిపోయాక, కనిపించని నేల మీద కనిపించినట్టే విసరాలి. ఇరుక్కుంటే బలం చూపించకూడదు. దారం వదులు చేసి, నాలుగడుగులు పక్కకి జరిగి ఇంకో వైపు నుంచి లాగి చూడాలి. బొంత గేలం మింగి సందులో దూరిందా, లాగే కొద్దీ అది రాయికి బిగుసుకుంటుంది. దారం వదులు చేసి బీడీ ఒకటి కాల్చుకోవాలి. అది పోయాడనుకుని బయటికొస్తుంది. అప్పుడు లాగాలి. దారం వేలికి చుట్టకూడదు. మా అయ్య కుడి చూపుడు వేలు మీద ఎముక దాకా గీత ఉంది, అది నేర్పిన పాఠం. అన్నిటికంటే ముందు, సముద్రానికి వీపు పెట్టకూడదు.

నేను ఎనిమిదో ఏట నుంచి వెళ్ళాను. ఎర కట్టడం నా పని. కవళ్ళ ముక్క లేకపోతే రొయ్య, అదీ లేకపోతే చిన్న పీత. సాయంత్రం పోటుకి రెండు పారలు, ఒక గొరక పడితే ఆ రాత్రి మా ఇల్లే కాదు, పక్కిల్లు కూడా తినేది. అయ్య ఎప్పుడూ అమ్మలేదు. "కొన్నోడు ఏడ పట్టావని అడుగుతాడు" అనేవాడు.

యూనివర్సిటీలో చేరాక సెలవులకి వచ్చి వెళ్ళేటప్పుడు చేతులు నిమ్మకాయతో రుద్దుకునేవాణ్ణి. హాస్టల్లో వాసన పట్టేస్తారని. ప్రబంధాల క్లాసులో అష్టాదశ వర్ణనలు చెప్పేవారు. నగరం తరవాత సముద్రమే. రత్నాలున్నాయి, పగడాలున్నాయి, చంద్రుణ్ణి చూసి పొంగడం ఉంది. పున్నానికి సముద్రం పొంగుతుందని నాకు వేరే తెలుసు, ఆ వేళకి దారం ఎన్ని బారలు వదలాలో కూడా తెలుసు. చెయ్యెత్తి చెప్పలేదు. అది నేను చేసిన తప్పు. ఇప్పుడు అదే పాఠం నేను చెప్తున్నాను. చెప్పేటప్పుడు స్పార్క్ ప్లగ్గు బల్ల మీద పెడతాను. పిల్లలు నవ్వుతారు, తరవాత వాళ్ళ ఇళ్ళలోని నీళ్ళ కథలు చెప్తారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ రాత అందుకోసమే.

మూడు నెలల కింద ఆ బండల చుట్టూ ఇనప కంచె వేశారు. ఎవరికీ పనికిరాని చోటు ఇప్పుడు "వ్యూ పాయింట్" అయింది. పై గట్టు మీద కాటేజీలు కడుతున్నారు. సూర్యోదయం చూడ్డానికి వచ్చేవాళ్ళకి బండల మీద చొక్కా లేని మనుషులు కనపడకూడదు కాబోలు. ఇసక రేవు జోలికి మాత్రం పోలేదు. అక్కడ సంఘం ఉంది, అడుగుతారు. బండల దగ్గర ఎవరున్నారు? మేమే.

పోయిన నెల అయ్యని బండి మీద తీసుకెళ్ళాను. మోకాళ్ళు పట్టేసి ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు, ఒక్కసారి తీసుకెళ్ళమని తనే అడిగాడు. గేటు దగ్గర కాపలా కుర్రాడు లేచి నిలబడ్డాడు. మా కాలేజీలో డిగ్రీ చదివినవాడే. "సార్, మీరా! నమస్తే సార్. రండి, రండి" అని గొలుసు తీశాడు. పక్కనే మా పేట వాళ్ళు ఇద్దరు దారం చుట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళు పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నారట.

నేను లోపలికి అడుగేశాను. దాచుకోవడమెందుకు, వేశాను. అయ్య కదల్లేదు.

"రా అయ్యా."

"నిన్ను సూసి తీసాడు గొలుసు. నన్ను సూసి తియ్యలేదు కదా" అన్నాడు. ఆ ఇద్దరి పక్కన వెళ్ళి నిలబడ్డాడు. కుర్రాడు తల దించుకున్నాడు. వాడి మీద నాకు కోపం లేదు, వాడిదీ నెల జీతమే. నేను బయటికొచ్చేశాను. ముగ్గురూ కంచెలోంచి పోటు ఎక్కడం చూశారు. అయ్య, ఏ అల ఏ సందులో పడుతుందో ఆ ఇద్దరికీ వేలితో చూపించాడు.

ఇక చట్టం సంగతి, ముఖ్యంగా లా విద్యార్థుల కోసం. తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ మొదట 1991లో వచ్చింది, తరవాత 2011లో, 2019లో కొత్తవి వచ్చాయి. ఆటు గీతకీ పోటు గీతకీ మధ్య నేలని 2019 నోటిఫికేషన్ ఒకటో జోన్‌లో, 'బి' కింద పెట్టింది. సముద్ర తీరం ప్రజల తరఫున ప్రభుత్వం చేతిలో ఉన్న అప్పగింత మాత్రమే, సొంత ఆస్తి కాదని ఎం.సి. మెహతా వర్సెస్ కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. మా బండలు సగం పైగా పోటుకి మునుగుతాయి. అంటే కంచె ఎక్కడుందో తేలాలి. పోటు గీత మ్యాపు, కంచెకి ఇచ్చిన అనుమతి కాగితం ఇమ్మని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. ముప్పై రోజుల గడువు ఇంకా అవలేదు. దరఖాస్తు మీద మొదటి సంతకం అయ్యది. చూపుడు వేలు సరిగ్గా వంగదు, అందుకని పేరులో చివరి అక్షరం గీత దాటి పోయింది.

రేవు సంఘం పెద్దల దగ్గరికి కూడా వెళ్ళాం. ఒకాయన "అది మా రేవు కాదు కదా" అన్నాడు. ఇంకొకాయన, మా అయ్యకి నూలు దారం కట్టడం నేర్పిన ముసలాయన మనవడు, "ఇయ్యాళ బండలు, రేపు ఇసక" అని సంతకం పెట్టాడు. మిగతావాళ్ళు ఆలోచిస్తున్నారు. మళ్ళీ వెళ్తాం.

ఈలోపు వచ్చే అమావాస్యకి, ఆటు వేళ మా పేట వాళ్ళం ఇసక మీదుగా, సముద్రం వైపు నుంచి బండల దగ్గరికి వెళ్తున్నాం. నీళ్ళు తీసినప్పుడు అటువైపు కంచె లేదు. విద్యార్థులు రావచ్చు. ఈత రానివాళ్ళు ఇసక మీదే ఉండండి. చెప్పులు నాచు మీద జారుతాయి, తీసేయండి. స్పార్క్ ప్లగ్గులు మా ఇంటి చూరులో ఇంకా ఓ యాభై ఉన్నాయి, అయ్య లెక్కపెట్టి ఉంచాడు. నూలు దారం మీరే తెచ్చుకోండి. నైలాన్ వద్దు.