ప్రాచీనత యెక్కడ నున్నది?

రుమానియా దేశమున పియాత్రా న్యాంట్స్ అను చిన్న కొండపట్టణము కలదు. అచట 1766లో కొయ్యతో గట్టిన యూదుల ప్రార్థనామందిర మొకటి నేటికిని నిలిచియున్నది. చర్చికంటె ఎత్తు కాకూడదను నిబంధనచేత దాని నేలను వీధికంటె లోతుగ త్రవ్విరట. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ యూరి యూదులలో పెక్కుమంది ఇజ్రాయేలునకు వలసపోయిరి. కట్టడము మిగిలినది, ప్రార్థించువారు మాత్రము మిగుల కొలది.

ఈ సంగతి చదివినప్పుడు మన ఆదిలాబాదు జిల్లాలోని కేస్లాపూరు నాకు జ్ఞప్తికి వచ్చినది. అచ్చటి నాగోబా ఆలయము మెస్రం వంశీయులగు గోండులది. ఇప్పటి రాతికట్టడమును వారు తమలో తాము చందాలు వేసికొని కట్టుకొనిరి. 2022లో ప్రతిష్ఠ జరిగినది. ఇంత క్రొత్త గుడిలో ప్రాచీనత యేమున్నదని విద్యావంతులు కొందరు నన్నడిగిరి.

ప్రతియేట పుష్యమాసమున మెస్రం వారు కాలినడకను హస్తినమడుగునకు బోయి గోదావరి జలమును తెత్తురు. పూజకు వలయు కుండలను సిరికొండ కుమ్మరులు చేసియిత్తురు. అమావాస్యరాత్రి ఆ జలముతో దేవుని కభిషేకము జరుగును. పిమ్మట వంశములోనికి క్రొత్తగ వచ్చిన కోడండ్రను దేవునికి పరిచయము చేయుదురు. దీనిని భేటింగ్ అందురు. అంతవరకు ఆమెకు పూజార్హత లేదనుట నాకు రుచింపదు. అయినను దానిని మార్చుకొనవలసినవారు వారే. కోడలిని పదిమంది యెదుట పేరుపెట్టి స్వాగతించు మర్యాద మన యిండ్లలో నెంత యున్నదో చదువరులే యోచింతురు గాక. ప్రాచీనత ఆ నడకలో, ఆ కుండలో, ఆ పిలుపులో నున్నది.

1940లో కొమరం భీము జోడేఘాట్ వద్ద హతుడైన పిదప, వియన్నాలో జన్మించిన హైమెండార్ఫ్ పండితుని నిజాం ప్రభుత్వము గోండుల స్థితి విచారించుటకు నియోగించినది. కేస్లాపూరు జాతరలో దర్బారు జరుగుట ఆయన ప్రేరణచేతనే మొదలయినది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసినది. గోండీ వాచకములును వచ్చినవి.

నేడు నా తరగతిలోని గోండు బాలురు తెలుగు, ఇంగ్లీషు చక్కగ నేర్చుచున్నారు. సంతోషమే. కాని యింటి మాటను నలుగురిలో పలుకుటకు సిగ్గుపడుచున్నారు. ఆ సిగ్గు పుట్టుకతో వచ్చినది కాదు. తోటివారి నవ్వు నేర్పినది. రాయి పగిలిన మరల చెక్కవచ్చును. తాత చెప్పిన కథ మనుమనికి తెలియని దినమున, ఎంత గట్టి గుడియైనను చూడవచ్చినవారికి కట్టడముగనే మిగులును.

కావున గోండు బాలుడు మన వాకిటికి వచ్చినపుడు అతని భాషలో నొక్క మాటయైన అడిగి నేర్చుకొందము. ఆ గుడికి మనము చేయగల సేవ అదియే.