నాన్న మిషను

ఏలూరులో మా ఇంటి వరండా మూల ఓ వింత మిషను ఉండేది. అడుగున ఫ్లైవీలు, దానిమీద బోర్లించిన పిస్టన్, పైన రెండు వాల్వులు, చుట్టూ చుట్టిన రాగి గొట్టం. ముందువైపు ముల్లు కదలని మీటరు. చూసినవాళ్లంతా ‘ఇదేం చేస్తుందండీ?’ అని అడిగేవారు. ‘కొల్లేటికి నీళ్లెప్పుడొస్తాయో చెబుతుంది’ అనేవారు నాన్న... నవ్వకుండా!

నిజానికి అది ఏమీ చేయదు. మా చేపల చెరువుకి నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్ ముక్కలవి. మాది కైకలూరు దగ్గర లంక గ్రామం. కొల్లేటిని 5వ కాంటూరు వరకూ పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది 1999లో. ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ఆ పరిధిలోని చెరువుల గట్లు కొట్టేసింది 2006లో. మా చెరువూ పోయింది. అప్పటికి నేనింకా చదువుకుంటున్నాను. నాన్న ఎవరినీ ఏమీ అనలేదు. పనిలేని ఇంజన్ని విప్పి, నెల రోజులు కూర్చుని ఆ మిషను చేశారు. ఏలూరుకి కాపురం మారినప్పుడు దాన్నీ లారీలో వేసుకొచ్చారు.

విలేకరినయ్యాక, సరస్సు బతకాలంటే గట్లు కొట్టక తప్పదని నేనే రాశాను. నాన్న ఆ పేజీ పూర్తిగా చదివి, మడిచి బల్లమీద పెట్టారు. అంతే.

ఆయన పోయాక ఇల్లు సర్దుతూ ఆ మిషనుని పాత ఇనప సామాన్ల కొట్టుకి వేసేశాను. కాటా మీద నలభై రెండు కిలోలు తూగింది.

ఆ మధ్య తెనాలి శిల్పులు కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్రల గురించి రాయాల్సి వచ్చింది. తుక్కు ఇనుముతో విగ్రహాలు చేస్తారు వాళ్లు. గేర్ చక్రాలు, చైన్లు, బోల్టులు... ఏదీ వృథా పోదు. 75 వేల నట్లు అతికి పదడుగుల గాంధీజీని నిలబెట్టారు. ఆ ఫొటో చూస్తూ కూర్చుండిపోయాను. ఇనప ముక్కలే అయినా గాంధీజీని ఎవరైనా గుర్తుపడతారు. మిషనులాగే కనిపించే బొమ్మని ఎలా గుర్తుపట్టేది? పనిచేయదు కాబట్టి తుక్కే అనుకున్నాను.

కొట్టుకి పరిగెత్తాను. ‘ఎప్పుడో కరిగిపోయుంటుంది సార్’ అన్నాడు కొట్టతను.

మొన్న వానల్లో ఊరి నుంచి బాబాయి వచ్చాడు. చెప్పులు విప్పుతూనే పలకరింపు... ‘ఏరా, మీ నాన్న మిషనేమంటోంది? ఈసారి నీళ్లొస్తాయంటనా?’

నేను ఖాళీ మూలవైపు చూశాను. బాబాయి కూడా చూశాడు.