మౌస్ పక్కన పెడితే మిగిలిన మూడు రాత్రులు

ఈ పోస్టు పత్తితో మొదలై కీబోర్డు దగ్గరికి పోతది. పొలం వీడియోలు తీసి పెట్టేవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

నిరుడు అక్టోబర్‌లో మా చేనులో లింగాకర్షక బుట్టలు చూపిస్తూ ఒక వీడియో తీశాను. బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు మగ రెక్కల పురుగులు పడితే గులాబీ పురుగు మీద ఆలస్యం చేయొద్దు అన్నది అందులో ముచ్చట. గుడ్డిపూలు ఎట్లుంటయో దగ్గరగా చూపించాను. నలభై నిమిషాలు తీస్తే ఏడు నిమిషాలకు కుదించాలి. కోసుడు, అతికించుడు నాలుగు రాత్రులు పట్టింది. ఐదో రోజు పెడితే మా ఊరి తమ్ముడే ఒకడు అన్నడు, "అన్నా, పురుగు కాయలోకి పోయినంక చెప్పినవ్ గదా." కాయలోకి దూరిన పురుగుకు మందు ఎక్కడ తగుల్తది? నాకు జవాబు లేదు. ఆ వీడియోకు లైకులు బాగానే వచ్చినయి. అవేం చేసుకోను?

ఈ ఎండాకాలం మా ఇంటామె కంటి ఆపరేషన్ కోసం హైదరాబాద్ పోయినం. ప్రగతి నగర్‌లో మా మేనల్లుడి దగ్గర పన్నెండు రోజులున్నం. అదీ ఒకప్పుడు మనలాగ గ్రామ పంచాయతీనే. 2019లో నిజాంపేట, బాచుపల్లితో కలిపి కార్పొరేషన్ చేసిండ్రు. ఇప్పుడు మట్టి కనబడాలంటే పొద్దున్నే చెరువుగట్టు దాకా నడవాలి. జేఎన్‌టీయూ దిక్కు పోతే కంప్యూటర్ కోర్సుల బోర్డులే బోర్డులు. అల్లుడు ఏ కోర్సుకూ పోలేదట, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతుకుతున్నడు.

ఒక రాత్రి నా లాప్‌టాప్ తీసి పని చేసుకుంటుంటే వెనక నిలబడి చూసిండు. కాసేపటికి, "మామా, నువ్వు కట్ చేస్తలేవు. వెతుకుతున్నవ్" అన్నడు. నిజమే. ఒక్క తప్పు మాట తీయాలంటే పైకి పోయి బ్లేడు గుర్తు మీద నొక్కాలి, కిందికొచ్చి కోయాలి, మళ్లీ పైకి పోయి బాణం గుర్తు తీసుకోవాలి, ముక్కను పట్టాలి, తీసేయాలి, మిగిలిన సందు మూయాలి. వీడియోలో అసువంటి తప్పులు నావి తక్కువలో తక్కువ వంద. మాట మాటకు "అంటే, అంటే" అనే అలవాటు నాది, మీకు తెలిసిందే.

మౌస్ తీసి పక్కన పెట్టించిండు. కీబోర్డు మీద ఇంగ్లీష్ జె అక్షరం మీద చిన్న గీత ఉబ్బెత్తుగ ఉంటది, తడిమి చూడండి. చూపుడువేలు దాని మీద పెడితే పక్క వేళ్లు వాటంతటవే కె, ఎల్ మీద పడతయి. ఎల్ నొక్కితే వీడియో ముందుకు, జె నొక్కితే వెనక్కి, కె నొక్కితే ఆగుతది. ఎల్ ఇంకోసారి నొక్కితే జోరు పెరుగుతది. కె పట్టుకొని ఎల్ ఒక్కొక్కసారి కొడితే ఒక్కొక్క బొమ్మ జరుగుతది. మన ఫోన్ వీడియోలో సెకనుకు 30 బొమ్మలుంటయి, మాట ఎక్కడ మొదలైందో అంత సన్నంగా పట్టుకోవచ్చు. ఇంక స్క్రీన్ దిక్కు చూస్తే చాలు, చేతి దిక్కు చూసే పని లేదు.

నేను వాడేది డావిన్సీ రిజాల్వ్, ఉచితంగా దొరికేదే. అందులో తప్పు మొదలైన చోట కంట్రోల్, బి కలిపి నొక్కితే తెగుతది. మంచి మాట మొదలైన చోట ఆపి కంట్రోల్, షిఫ్ట్, ఎడమ స్క్వేర్ బ్రాకెట్ కలిపి నొక్కితే మధ్యల చెత్త పోయి సందు కూడా మూసుకుంటది. ప్రీమియర్ ప్రో వాడే తమ్ముళ్లకు కోయడానికి కంట్రోల్, కె, ఆ తరువాత ఒక్క క్యూ నొక్కితే చాలు. పై బాణం, కింది బాణం నొక్కితే ఒక కోత నుంచి ఇంకో కోతకు దుంకుతది. చెడగొట్టుకుంటే కంట్రోల్, జెడ్ ఉండనే ఉంది. మన బతుకులో లేనిది అదొక్కటే.

మొదటి రెండు రోజులు నాకు ఇంకా ఆలస్యమైంది, ఆ మాట దాచను. వేళ్లు మొరాయించినయి. పోస్టులు రాసే తెలుగు టైపింగ్ ఆన్‌లో పెట్టి మరిచిపోయి, జె కొట్టినా ఎల్ కొట్టినా కదలకుంటే లాప్‌టాప్ పాడైందనుకున్న. రిజాల్వ్‌లో బ్యాక్‌స్పేస్‌తో తీసేస్తే ఖాళీ సందు అట్లనే ఉంటది, డిలీట్‌తో తీస్తే మూసుకుంటది. ఆ తేడా తెలియక వీడియో నడుమ నల్ల తెర వచ్చింది. పాట ముందే వేసి కోస్తే పాట కూడా తెగింది. అందుకే పాట చివర్లో వేయండి.

మా ఇంటామె కంటికి పట్టీతో కూర్చొని ఇదంతా వింటున్నది. "పత్తి ఏరేటప్పుడు నువ్వు ఒంటిచేత్తోనే ఏరుతవ్, ఇదీ గట్లనే చేసినవ్" అన్నది. ఆమె రెండు చేతులతో ఏరుతది, నాకంటే రెట్టింపు తూగుతది. అల్లుడు నవ్వి, "అత్తకు నేర్పిస్తే అయిపోతుండె" అన్నడు.

కోతలు నేర్చుకుంటే వీడియో గొప్పగా వస్తదని కాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మై విలేజ్ షో వాళ్లు 2012లో మొదలుపెట్టి, గంగవ్వను ఊరూరికీ తెలిసేటట్టు చేసిండ్రు. అందులో జనం చూసింది మాటను, మనిషిని. కానీ వాళ్ల నవ్వు నాలుగు రోజులు ఆలస్యమైనా నవ్వే. మన పురుగు ముచ్చట అట్ల కాదు.

మొన్న పొద్దున మా బుట్టలో 5 పడ్డయి, నిన్న 6. నిన్న చేనులో తీసిన వీడియో రాత్రి పదకొండున్నరకు పెట్టిన. కూర్చున్నది తొమ్మిదింటికి. నడుమ ఒక చోట "అంటే" రెండుసార్లు మిగిలిపోయింది, దాన్ని వదిలేసిన. మీ బుట్టల లెక్క ఊరి పేరుతో కింద రాయండి. రేపు పొద్దున మాది మళ్లీ చూసి చెప్త.